పల్స్ పవర్ జనరేటర్లలో తయారీ దోషాలు: పనితీరుపై వాటి ప్రభావం – ఒక వివరణ

వ్యాస సంగ్రహం

విద్యుచ్ఛక్తిని నెమ్మదిగా కూడబెట్టి, సెకనులో అత్యల్ప భాగంలో విడుదల చేసే యంత్రాలు పల్స్ పవర్ జనరేటర్లు. వైద్యశాలలోని చికిత్సా పరికరం మొదలుకొని కేంద్రక సంలీన పరిశోధన దాకా వీటి వినియోగం విస్తరించింది. సాధారణ విద్యుత్ యంత్రంలో లెక్కలోకి రాని సూక్ష్మమైన తయారీ దోషం ఈ యంత్రాల్లో పనితీరును దెబ్బతీస్తుంది, ఒక్కొక్కసారి యంత్రాన్నే ధ్వంసం చేస్తుంది. దోషం పరిమాణానికీ దాని ఫలితానికీ పొంతన ఎందుకు ఉండదో, ఏ దోషం ఏ మార్గంలో పనిచేస్తుందో, పరీక్షలు దాన్ని ఎందుకు పట్టుకోలేకపోతాయో ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ విషయాన్ని తెలుగులో స్పష్టంగా చెప్పడానికి పాటించవలసిన పరిభాషా భేదాలనూ ప్రస్తావిస్తుంది.

కీలక పదాలు: పల్స్ పవర్, మార్క్స్ జనరేటర్, కెపాసిటర్, విద్యుద్బంధకం, తయారీ దోషం, శాస్త్ర పరిభాష.

1. ప్రవేశిక

మూత్రపిండాల్లోని రాళ్ళను కోత లేకుండా శరీరం బయటినుంచే పగలగొట్టే చికిత్సను 1980లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో తొలిసారి రోగిపై ప్రయోగించారు. ఆ తరం యంత్రంలో ఒక కెపాసిటర్‌ను సుమారు 20 కిలోవోల్టుల వరకు ఆవేశపరచి, నీటిలో ఉంచిన రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఒక్కసారిగా విడుదల చేస్తారు. అక్కడ పుట్టిన నిప్పురవ్వ నీటిలో అఘాత తరంగాన్ని సృష్టిస్తుంది. ఆ తరంగం రాయి మీద కేంద్రీకృతమై దాన్ని ముక్కలు చేస్తుంది. లయ తప్పిన గుండెకు విద్యుదాఘాతమిచ్చి తిరిగి గాడిలో పెట్టే డిఫిబ్రిలేటర్ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. రాడార్ ప్రసారిణులు, కణ త్వరణ యంత్రాలు, ఎక్స్‌రే మెరుపులను పుట్టించే యంత్రాలు ఈ కుటుంబానికే చెందుతాయి. ఈ కుటుంబంలో అత్యంత ప్రసిద్ధమైనది అమెరికాలోని సాండియా జాతీయ ప్రయోగశాలకు చెందిన జెడ్ యంత్రం. అది 36 విభాగాల నుంచి విద్యుత్తును ఒకే బిందువుకు చేర్చి, సుమారు 100 నానోసెకన్లలో 2 కోట్ల ఆంపియర్లకు మించిన ప్రవాహాన్ని అందిస్తుంది.

భారతదేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం నిర్మించిన ‘కాళీ’ శ్రేణి యంత్రాలు ఈ రంగానికి చెందినవే. ఇక్కడ ‘కాళీ’ దేవతా నామం కాదు. కిలో ఆంపియర్ లీనియర్ ఇంజెక్టర్ అనే పేరులోని తొలి అక్షరాల కూర్పు. ఆ కేంద్రానికి విశాఖపట్నం సమీపంలోని అచ్యుతాపురంలో ఉన్న ఆవరణలోనూ ఈ రంగంలో పరిశోధన సాగుతోంది. అయినా ఈ యంత్రాల గురించి తెలుగులో వివరణాత్మక రచన అరుదు. వాటిలోని దోషాల గురించిన చర్చ మరీ అరుదు.

2. శక్తి, సామర్థ్యం: ఒక అవసరమైన భేదం

వాడుక తెలుగులో ‘శక్తి’ అనే మాట రెండు భావాలను మోస్తుంది. పని చేయగల మొత్తం నిల్వ ఒకటి. ఆ పని జరిగే వేగం రెండవది. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు మొదటిదాన్ని శక్తి అనీ, రెండవదాన్ని సామర్థ్యం అనీ వేరుచేశాయి. శక్తికి కొలమానం జౌల్, సామర్థ్యానికి వాట్. ఈ భేదాన్ని విస్మరిస్తే పల్స్ పవర్ అనే భావనే అర్థం కాదు.

ఒక కెపాసిటర్ల సముదాయంలో 10 సెకన్ల పాటు 1000 జౌళ్ళ శక్తిని నింపారనుకుందాం. అందుకు కావలసిన సామర్థ్యం 100 వాట్లు. ఒక పాతకాలపు విద్యుద్దీపం వాడుకునేంత. అదే శక్తిని 100 నానోసెకన్లలో విడుదల చేస్తే సామర్థ్యం 1000 కోట్ల వాట్లవుతుంది. శక్తి పెరగలేదు, కాలం కుదించుకుపోయింది. వర్షాకాలమంతా నిండిన చెరువుకు తూము తెరవడం వేరు, కట్ట తెగడం వేరు. నీరు అంతే అయినా ఫలితం అంతే కాదు. పల్స్ పవర్ యంత్రం కట్ట తెగినంత వేగాన్ని తూము తెరిచినంత క్రమబద్ధంగా సాధించాలి. దోషాల ప్రాముఖ్యానికి మూలం ఈ షరతులోనే ఉంది.

3. యంత్ర నిర్మాణం

పల్స్ పవర్ యంత్రంలో ప్రధానంగా ఐదు అంగాలుంటాయి: ఆవేశపరిచే వనరు, శక్తిని నిలవచేసే కెపాసిటర్లు, వాటిని విడుదల చేసే స్విచ్‌లు, పల్స్‌కు తగిన రూపమిచ్చే వాహక మార్గం, చివరికి శక్తిని స్వీకరించే భారం. వీటన్నిటినీ వేరువేరుగా నిలిపి ఉంచేవి విద్యుద్బంధకాలు. నూనె, శుద్ధజలం, ఎపాక్సీ, ప్లాస్టిక్ పొరలు, పీడనంలో ఉంచిన సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు, శూన్యం సందర్భాన్నిబట్టి ఈ పనికి ఉపయోగపడతాయి.

అధిక వోల్టేజి సాధించడానికి ఎక్కువగా వాడే అమరిక మార్క్స్ జనరేటర్. జర్మన్ ఇంజనీరు ఎర్విన్ మార్క్స్ 1920ల్లో దీన్ని ప్రతిపాదించాడు. కెపాసిటర్లను సమాంతరంగా కలిపి ఆవేశపరచి, నిప్పురవ్వ స్విచ్‌ల సాయంతో వాటిని ఒక్కసారిగా శ్రేణిలోకి మార్చడం దీని సూత్రం. 50 కిలోవోల్టుల చొప్పున ఆవేశపరచిన 10 కెపాసిటర్లు శ్రేణిలోకి మారగానే కొనల మధ్య 500 కిలోవోల్టులు ఏర్పడతాయి. ఒక్కొక్క అంగం భరించేది స్వల్పమే. మొత్తం కలిసి ఇచ్చేది అధికం. అయితే ఈ కలయిక ప్రతి అంగమూ తోటి అంగాలతో సమానంగా ఉన్నప్పుడే ఆశించినట్లు సాగుతుంది.

4. దోషం: నిర్వచనం, వర్గీకరణ

తెలుగు సాంకేతిక రచనల్లో లోపం, దోషం, వైఫల్యం అనే మాటలు ఒకదానికి బదులు ఒకటిగా కనబడతాయి. ఈ వ్యాసంలో వీటిని వేరుచేయడం అవసరం. నిర్దేశించిన కొలతకూ వచ్చిన కొలతకూ మధ్య అనుమతించిన హద్దులో ఉండే తేడా విచలనం. ఆ హద్దు దాటినది, లేదా నిర్దేశంలోనే లేనిది దోషం. దోషం కారణంగా యంత్రం తన పని చేయలేకపోవడం వైఫల్యం. దోషం ఉన్నంత మాత్రాన వైఫల్యం కలగదు. వైఫల్యం కలగలేదు కాబట్టి దోషం లేదనీ చెప్పలేము.

తయారీ దోషాలను మూడు వర్గాలుగా చూడవచ్చు. తెలుగు వ్యాకరణ విద్యార్థులకు పరిచితమైన లోపం, ఆగమం, ఆదేశం అనే సంజ్ఞలు ఇక్కడ అక్కరకు వస్తాయి. ఉండవలసిన పదార్థం లేకపోవడం లోపం: ఎపాక్సీలో మిగిలిపోయిన గాలిబుడగ, అతుకులో పూర్తిగా పారని టంకం. ఉండకూడనిది వచ్చి చేరడం ఆగమం: లోహపు రజను, ఎలక్ట్రోడ్ అంచున మిగిలిన ముల్లు, తేమ. ఒకదాని స్థానంలో మరొకటి రావడం ఆదేశం: నిర్దేశించిన మందానికి బదులు మరో మందం, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు బదులు 0.9 మైక్రోఫారడ్ కెపాసిటర్. వ్యాకరణంలో ఈ మార్పులను సూత్రం విధిస్తుంది; యంత్రంలో ఇవి విధిని అతిక్రమించి వస్తాయి. ఈ తేడాను గుర్తుంచుకుంటే వర్గీకరణ వరకు ఈ సంజ్ఞలు ఉపకరిస్తాయి.

5. లోపం: బంధకంలోని బుడగ

విద్యుత్ క్షేత్రం రెండు భిన్న పదార్థాల గుండా సాగేటప్పుడు సమానంగా పంచుకోదు. రోధక స్థిరాంకం తక్కువగా ఉన్న పదార్థంలో క్షేత్రతీవ్రత ఎక్కువగా ఉంటుంది. ఎపాక్సీకి ఈ స్థిరాంకం సుమారు 4, గాలికి 1. ఎపాక్సీలో క్షేత్రానికి అడ్డంగా పరుచుకున్న పలుచని పగులు ఉంటే, ఆ పగులులోని గాలిలో క్షేత్రం 4 రెట్లవుతుంది. బుడగ గోళాకారంలో ఉంటే ఆ పెరుగుదల 1.33 రెట్లు మాత్రమే. అంటే దోషం ఎంత పెద్దదన్నదానికన్నా అది ఏ ఆకారంలో, ఏ దిశలో ఉందన్నది ముఖ్యం.

మిల్లీమీటరుకు 5 కిలోవోల్టుల క్షేత్రాన్ని మంచి ఎపాక్సీ తేలికగా భరిస్తుంది. అందులో 0.1 మిల్లీమీటరు మందం గల పగులు ఉంటే, దానిలోని గాలి మీద మిల్లీమీటరుకు 20 కిలోవోల్టుల క్షేత్రం పడుతుంది. అంత సన్నని సందులో గాలి భరించగలిగేది అందులో సగమే. కాబట్టి పగులులో చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఇది బంధకాన్ని పూర్తిగా ఛేదించదు కనుక దీన్ని పాక్షిక ఉత్సర్గం అంటారు. ప్రతి ఉత్సర్గమూ పగులు గోడలను కొద్దిగా కాలుస్తుంది. కాలిన చోట కర్బనం మిగులుతుంది, అది విద్యుత్తుకు దారి ఇస్తుంది. వందల, వేల పల్స్‌ల తర్వాత చెట్టు కొమ్మల్లా విస్తరించిన సన్నని దారులు బంధకం ఒక అంచు నుంచి మరో అంచుకు చేరతాయి. ఆ రోజున యంత్రం ఒక్కసారిగా విఫలమవుతుంది. వైఫల్యం ఆకస్మికంగా కనబడుతుంది గానీ దాని చరిత్ర తయారీనాడే మొదలైంది. పోత పోయడానికి ముందు ఎపాక్సీని శూన్యంలో ఉంచి గాలిని తీసివేయడం ఈ చరిత్రను మొదట్లోనే ఆపడానికి చేసే పని.

6. ఆగమం: ముల్లు, త్రిసంధి

చదునైన ఎలక్ట్రోడ్ మీద అర్ధగోళాకారపు బొడిపె ఉంటే, దాని కొన వద్ద క్షేత్రం 3 రెట్లవుతుంది. బొడిపె మిల్లీమీటరు ఉన్నా, అందులో వెయ్యో వంతు ఉన్నా ఆ రెట్టింపు అంతే. బొడిపె సన్నగా, పొడవుగా సాగి, ఎత్తు దాని వ్యాసార్ధానికి 10 రెట్లుంటే క్షేత్రం కూడా 10 రెట్లకు మించుతుంది. చిత్రిక పట్టిన తర్వాత అంచున మిగిలిపోయిన ముల్లు కంటికి కనబడకపోయినా శూన్యంలో ఎలక్ట్రాన్లను వెదజల్లడానికి అది చాలు.

లోహం, ఘన బంధకం, శూన్యం అనే మూడూ కలిసే రేఖను త్రిసంధి అనవచ్చు. శూన్యంతో పనిచేసే యంత్రాల్లో ఇది అత్యంత బలహీన స్థానం. ఇక్కడ బంధకం లోహానికి పూర్తిగా ఆనకుండా సన్నని సందు మిగిలితే, ముందు చెప్పిన పగులులో మాదిరిగానే క్షేత్రం ఆ సందులో కేంద్రీకృతమవుతుంది. అక్కడినుంచి వెలువడిన ఎలక్ట్రాన్లు బంధకం ఉపరితలాన్ని తాకి మరిన్ని ఎలక్ట్రాన్లను విడుదల చేస్తాయి. క్షణంలో ఉపరితలమంతా ఉత్సర్గం పాకుతుంది. ఎలక్ట్రాన్లు ఉపరితలం నుంచి దూరంగా వెళ్ళేలా బంధకాన్ని సుమారు 45 డిగ్రీల వాలుతో తయారుచేయడం వాడుకలో ఉన్న పరిష్కారం. అయితే ఆ వాలు, ఆ ఆనిక గీసిన పటంలో ఉన్నట్లే వస్తువులోనూ ఉన్నప్పుడే పరిష్కారం ఫలిస్తుంది.

7. అతుకులు: ప్రేరకత్వం, నిరోధం

వేగంగా మారే ప్రవాహాన్ని వాహకపు ప్రేరకత్వం ఎదిరిస్తుంది. 100 నానోసెకన్లలో 100 కిలో ఆంపియర్లకు చేరే ప్రవాహమార్గంలో 10 నానోహెన్రీల అదనపు ప్రేరకత్వం ఉంటే, దాని మీదే 10 కిలోవోల్టులు ఖర్చవుతాయి. ఒక సెంటీమీటరు సన్నని తీగకు ఉండే ప్రేరకత్వం ఇంచుమించు అంతే. రంధ్రం కొంచెం పక్కకు జరగడం వల్ల అతుకు తీగను ఒక సెంటీమీటరు పొడిగించారంటే, గృహవిద్యుత్ పరికరంలో దాని ప్రభావం శూన్యం. ఇక్కడ పల్స్ అంచు మందగిస్తుంది, భారానికి చేరవలసిన వోల్టేజి తగ్గుతుంది.

అతుకులోని నిరోధం మరో మార్గంలో పనిచేస్తుంది. సరిగా బిగించని ఒక అతుకులో 1 మిల్లీఓమ్ నిరోధం ఉందనుకుందాం. 100 కిలో ఆంపియర్ల ప్రవాహం దాని గుండా ఒక మైక్రోసెకను సాగితే 10 జౌళ్ళ ఉష్ణం పుడుతుంది. ఆ ఉష్ణం అతుకు మొత్తానికి పంచబడదు. లోహాలు నిజంగా తాకే కొద్దిపాటి బిందువుల్లోనే పోగుపడుతుంది. 10 జౌళ్ళు సుమారు 15 మిల్లీగ్రాముల రాగిని కరిగించగలవు. కరిగిన చోట ఉపరితలం గరుకవుతుంది, తాకే వైశాల్యం తగ్గుతుంది, తర్వాతి పల్స్‌కు నిరోధం ఇంకా పెరుగుతుంది. దోషం తనను తానే పెంచుకుంటుంది.

అతుకు దోషం ఎంత దూరం వెళ్ళగలదో తెలిపే ప్రసిద్ధ ఉదాహరణ పల్స్ పవర్‌కు పొరుగు రంగంలో ఉంది. 2008 సెప్టెంబర్ 19న యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్‌లోని లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో రెండు అయస్కాంతాల మధ్య ఉన్న అతివాహక అతుకు విఫలమైంది. అప్పుడు వలయంలో 8.7 కిలో ఆంపియర్ల ప్రవాహం ఉంది. ఆ అతుకు నిరోధం సుమారు 220 నానోఓమ్‌లని తర్వాతి విశ్లేషణలో అంచనా వేశారు. అంటే అక్కడ పుట్టిన ఉష్ణ సామర్థ్యం 17 వాట్లకు లోపే, ఒక చిన్న దీపమంత. అయినా అది అతివాహక స్థితిని చెడగొట్టింది; అతుకు తెగి విద్యుత్ చాపం ఏర్పడింది; హీలియం పాత్ర చిల్లుపడింది. సుమారు 6 టన్నుల హీలియం బయటికి పోయింది, 53 అయస్కాంతాలను సొరంగం నుంచి వెలికి తీయవలసి వచ్చింది, యంత్రం ఒక సంవత్సరానికి పైగా ఆగింది. ఆ విభాగపు అయస్కాంతాల్లో అప్పటికి సుమారు 60 కోట్ల జౌళ్ళ శక్తి నిలవ ఉంది. విధ్వంసానికి కావలసిన శక్తిని దోషం తేలేదు. యంత్రంలో ఉన్న శక్తికి తప్పుదారి మాత్రం చూపింది. పల్స్ పవర్ యంత్రాలకూ ఈ సూత్రం యథాతథంగా వర్తిస్తుంది.

8. ఆదేశం: అసమాన అంగాలు, తప్పిన సమయం

ముందు చెప్పిన 10 దశల మార్క్స్ జనరేటర్‌లో తొమ్మిది కెపాసిటర్లు 1 మైక్రోఫారడ్‌వి, ఒకటి మాత్రం 0.9 మైక్రోఫారడ్‌ది అనుకుందాం. అన్నీ 50 కిలోవోల్టులకు ఆవేశపడతాయి. శ్రేణిలో విడుదలైనప్పుడు అన్నిటి గుండా ఒకే ఆవేశం ప్రవహిస్తుంది. చిన్న కెపాసిటర్ ముందుగా ఖాళీ అవుతుంది. మిగిలినవి ఇంకా ప్రవాహాన్ని నెడుతూనే ఉంటాయి. ఫలితంగా మొత్తం వోల్టేజి సున్నాకు చేరే వేళకు ఆ ఒక్క కెపాసిటర్ సుమారు 5 కిలోవోల్టుల మేర వ్యతిరేక దిశలో ఆవేశపడి ఉంటుంది. యంత్రం బయటికి ఇచ్చే పల్స్‌లో ఈ తేడా దాదాపు కనబడదు. కాని ప్రతి పల్స్‌లోనూ తిరగబడే ఆ కెపాసిటర్ ఆయువు మిగిలినవాటికన్నా ముందుగా తీరుతుంది. తక్కువ సామర్థ్యంతో వచ్చినదే ఎక్కువ భారం మోయవలసి రావడం శ్రేణి అమరిక స్వభావం.

స్విచ్‌లలో దోషం కాలరూపంలో వ్యక్తమవుతుంది. నిప్పురవ్వ స్విచ్ ఏ వోల్టేజి వద్ద, ఏ క్షణాన మూసుకుంటుందో దాని ఎలక్ట్రోడ్ల మధ్య దూరం, వాటి సమరేఖత, వాయు పీడనం నిర్ణయిస్తాయి. బిగుతు చాలని ముద్ర వల్ల వాయువు కొద్దిగా కారినా స్విచ్ నిర్ణీత క్షణానికి ముందే మూసుకోవచ్చు. ఒక్కొక్క స్విచ్ ఇలా ముందుగా మూసుకునే సంభావ్యత వెయ్యింటికి ఒకటే అనుకుందాం. 36 స్విచ్‌లున్న యంత్రంలో ఏదో ఒకటి తప్పే సంభావ్యత 3.5 శాతం, 100 ఉంటే 9.5 శాతం. విడి అంగంగా అద్భుతమనిపించిన నాణ్యత సమూహంలో సామాన్యమైపోతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మభేదం ఉంది. జెడ్ యంత్రంలో కొన్ని ప్రయోగాలకు పల్స్ ఆకృతిని మలచడం కోసం విభాగాలను బుద్ధిపూర్వకంగానే వేరువేరు క్షణాల్లో విడుదల చేస్తారు. కాబట్టి కాలభేదం దానంతటది దోషం కాదు. కోరిన భేదం సాధనం, కోరని భేదం దోషం.

9. పరీక్షల పరిమితి

ఈ దోషాల్లో అనేకం సాధారణ పరీక్షకు లొంగవు. స్థిరమైన వోల్టేజి కింద పరీక్షించినప్పుడు బంధకంలోని బుడగలో ఒకసారి ఉత్సర్గం జరగగానే ఆవేశం బుడగ గోడల మీద పేరుకుని లోపలి క్షేత్రాన్ని తగ్గిస్తుంది. ఉత్సర్గాలు అరుదవుతాయి, వస్తువు ‘ఉత్తీర్ణం’ అవుతుంది. నిజమైన పనిలో బయటి వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది. గోడల మీద మిగిలిన ఆవేశమే అప్పుడు వ్యతిరేక దిశలో ఉత్సర్గాన్ని పుట్టిస్తుంది. అట్లాగే స్థిర ప్రవాహంతో నిరోధం కొలిచే పరికరానికి అదనపు ప్రేరకత్వం కనబడదు.

పరిమాణం కూడా మోసం చేస్తుంది. బంధకపు బలాన్ని దానిలోని అత్యంత బలహీన బిందువు నిర్ణయిస్తుంది. చిన్న నమూనాలో అటువంటి బిందువు ఉండకపోవచ్చు. విశాలమైన యంత్రంలో ఎక్కడో ఒకచోట ఉండే అవకాశం ఎక్కువ. అందువల్ల ప్రయోగశాల నమూనా చూపిన బలాన్ని యంత్రానికి యథాతథంగా ఆపాదించడం సరికాదు. పాక్షిక ఉత్సర్గాలను పికోకూలుంబుల స్థాయిలో కొలవడం, ఎక్స్‌రే చిత్రణ, అతిధ్వని పరీక్ష, అసలు పల్స్‌నే తక్కువ స్థాయిలో ప్రయోగించి తరంగరూపాన్ని పోల్చడం వంటి పద్ధతులు పరస్పర పూరకాలు. ఏ ఒక్కటీ సరిపోదు.

10. దోషాన్ని భరించే నిర్మాణం

దోషాన్ని పూర్తిగా నిర్మూలించలేనప్పుడు దాన్ని భరించే నిర్మాణం అవసరమవుతుంది. ప్లాస్టిక్ పొర మీద కొన్ని పదుల నానోమీటర్ల మందంతో లోహాన్ని పూసి తయారుచేసే కెపాసిటర్లు దీనికి చక్కని నిదర్శనం. పొరలో బలహీన బిందువు ఛేదించుకున్నప్పుడు దాని చుట్టూ ఉన్న పలుచని లోహం ఆవిరైపోయి ఆ బిందువును వేరుచేస్తుంది. కెపాసిటర్ తన ధారణశక్తిలో అతి స్వల్ప భాగాన్ని కోల్పోయి పని కొనసాగిస్తుంది. అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 192 లేజర్ కిరణాలకు మూలమైన దీపాలను వెలిగించే సముదాయంలో ఇటువంటి కెపాసిటర్లే ఉన్నాయి. ఇక్కడ వైఫల్యం ఆకస్మికం కాక క్రమికమవుతుంది. ధారణశక్తిని కొలుస్తూ ఉంటే అంతం ఎప్పుడో ముందే తెలుస్తుంది. పెద్ద సముదాయాల్లో కెపాసిటర్లకు ఫ్యూజులను, నిరోధకాలను చేర్చడం కూడా, చెడిన ఒక్కదానిలోకి మిగిలినవాటి శక్తి దూకకుండా ఆపడానికే.

11. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, పల్స్ పవర్ యంత్రంలో దోషపు తీవ్రత దాని పరిమాణాన్ని బట్టి కాక, ఆకారం, స్థానం, ప్రవాహ వేగాలను బట్టి ఉంటుంది. రెండవది, దోషం స్వయంగా ధ్వంసం చేయదు. యంత్రంలో నిలవ ఉన్న శక్తికి దారి మళ్ళిస్తుంది. మూడవది, పరీక్షలో నెగ్గడం, పనిలో నెగ్గడం వేరువేరు. పరీక్ష అసలు పనిని ఎంతగా పోలి ఉంటే దాని తీర్పు అంతగా నమ్మదగినది.

ఈ మూడూ రూపకర్తలకు పుస్తకాల ద్వారా తెలిసినవే. కాని అంచును నునుపు చేసేది, అతుకును బిగించేది, ఎపాక్సీని పోత పోసేది వేరే చేతులు. ‘ముల్లు మిగలరాదు’ అనే నిబంధనను పాటించమనడం ఒకటి, మిగిలిన ముల్లు క్షేత్రాన్ని పది రెట్లు చేస్తుందని తెలియజేయడం మరొకటి. కారణం తెలిసిన పనివాడు పటంలో రాయని దోషాన్ని కూడా గుర్తించగలడు. ఆ కారణాన్ని అతని భాషలో చెప్పడానికి శక్తికీ సామర్థ్యానికీ, విచలనానికీ దోషానికీ, దోషానికీ వైఫల్యానికీ మధ్య తేడా నిలిపే తెలుగు కావాలి. పాలిటెక్నిక్, పారిశ్రామిక శిక్షణ సంస్థల బోధనకు అటువంటి తెలుగును సిద్ధపరచడంలో భాషాశాఖలు సాంకేతిక శాఖలతో కలిసి పనిచేయవలసి ఉంది.